తేదీ మనది, గాలి పిట్టలది: అమెరికాలో ఫాల్ బర్డ్ వాక్స్ సంగతి

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో సెప్టెంబర్‌లో ఒక శనివారం పొద్దున్న బర్డ్ వాక్‌కి (గైడ్ వెంట గుంపుగా నడుస్తూ పిట్టల్ని చూడటం) వెళ్ళినవాళ్ళకి రెండు గంటల్లో పన్నెండు పదిహేను రకాల వార్బ్లర్లు, అంటే వలస పోయే బుల్లి పిట్టలు, కనపడటం, సరిగ్గా వారం తర్వాత అదే దారిలో అదే గైడ్‌తో వెళ్ళినవాళ్ళకి రాబిన్లు, పావురాలు, ఉడతలు తప్ప పెద్దగా ఏమీ కనపడకపోవడం, రెండూ మామూలే. రెండో బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈయనకి పిట్టలు వెతకడం రాదనుకుంటూ ఇంటికెళ్తారు, మొదటి బ్యాచ్ వాళ్ళేమో ఆయన్ని ఆకాశానికెత్తేస్తారు, నిజానికి ఆ తేడాలో గైడ్ వాటా చాలా తక్కువ. వాక్ ఎప్పుడు పెట్టాలో చాలా ముందే క్యాలెండర్ చూసి ఫిక్స్ చేసేస్తారు, శని ఆదివారాలైతేనే జనం వస్తారు కాబట్టి. చలికాలానికి ముందు దక్షిణానికి వలస పోయే పిట్టలు మాత్రం ఆ రాత్రి గాలి ఎటు వీస్తోందో చూసుకుని బయల్దేరతాయి. ఈ రెండిటికీ పొత్తు కుదరకపోవడమే ఫాల్ (ఆకులు రాలే కాలం) బర్డ్ వాక్స్‌లో అసలు చిక్కు, లీడర్‌లో సత్తా ఎంతుందనేది కూడా ఈ చిక్కుతో ఎలా నెట్టుకొస్తారన్న దగ్గరే తేలుతుంది.

ముందు రాత్రి ఏం జరుగుతుందో చూద్దాం. వార్బ్లర్లు, త్రష్‌లు, వీరియోలు లాంటి చిన్న పిట్టలు చాలావరకు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి. పగలు తిండి వెతుక్కోవాలి కదా, పైగా రాత్రి గాలి చల్లగా, కుదుపులు లేకుండా ఉంటుంది, డేగల భయం కూడా తక్కువ. కెనడా అడవుల నించి కరీబియన్ దీవులకో, మధ్య అమెరికాకో, దక్షిణ అమెరికాకో వెళ్ళాలి కాబట్టి వీటికి ఉత్తరం నించి వచ్చే గాలి కావాలి. దక్షిణం గాలి వీస్తున్నన్నాళ్ళూ చాలావరకు ఎక్కడివక్కడే కూర్చుని తింటూ ఉంటాయి, తర్వాత ఒక కోల్డ్ ఫ్రంట్ (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు) దాటిపోయి గాలి వాయవ్యం వైపు నించి మొదలైందంటే ఆగిపోయినవన్నీ ఆ రాత్రికి ఒక్కసారిగా లేస్తాయి. తెల్లారేసరికి కింద ఎక్కడ పచ్చగా కనపడితే అక్కడ దిగుతాయి. మాన్‌హాటన్ మీదికొచ్చేసరికి ఆ పచ్చదనం అంటే ముఖ్యంగా 843 ఎకరాల సెంట్రల్ పార్కే, చుట్టూ అంతా కాంక్రీటు. అంత పెద్ద సిటీ నడిబొడ్డున, పార్క్ మధ్యలో రాంబుల్ అని పిలిచే నలభై ఎకరాలు కూడా లేని అడవి ముక్కలో అన్ని రకాలు పోగవడానికి కారణం ఇదే.

అలాగని గాలి బాగుంటే పిట్టలు బాగుంటాయని లెక్క కట్టేస్తే దెబ్బతినేస్తాం. ఆకాశం క్లియర్‌గా ఉండి వెనక నించి గాలి గట్టిగా తోస్తుంటే నిన్నటిదాకా పార్క్‌లో ఉన్నవి కూడా లేచి వెళ్ళిపోతాయి, పైన వచ్చేవి ఆగకుండా దాటేయొచ్చు, అంటే రాత్రంతా నెత్తి మీద లక్షల పిట్టలు వెళ్ళినా పొద్దున్న పార్క్ ఖాళీగా ఉండొచ్చు. అదే అర్ధరాత్రి దాటాక వానో దట్టమైన పొగమంచో అడ్డమొస్తే పైన ఎగిరేవి ఇక ముందుకెళ్ళలేక ఎక్కడ దొరికితే అక్కడ దిగిపోతాయి, వాతావరణం బాలేదని సగం మంది వాక్‌కి రాకుండా ఆగిపోయిన రోజున తడుస్తూ వచ్చిన నలుగురికి పండగ.

ఇదంతా ఒకప్పుడు అనుభవం మీద ఊహించేవాళ్ళు, ఇప్పుడు కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళ బర్డ్‌కాస్ట్ ఉంది. వాన కోసం దేశమంతా పెట్టిన వెదర్ రాడార్లలో 143 రాడార్ల డేటా తీసుకుని, అందులో మేఘాల్ని పక్కకి తీసేసి, ఏ రాత్రి ఎన్ని పిట్టలు గాల్లో ఉన్నాయో అంచనా కడుతుంది, రాబోయే మూడు రాత్రులకి ఫోర్‌కాస్ట్ కూడా ఇస్తుంది. శ్రద్ధ ఉన్న లీడర్లు ముందురోజు రాత్రి ఇది చూడకుండా పడుకోరు. తేదీ మార్చే ఛాన్స్ లేదు గానీ రూట్ మార్చొచ్చు. రాత్రి బాగా కదలిక ఉంటే, మర్నాడు పొద్దున్న ఎండ ముందుగా తగిలే చెట్ల దగ్గర గ్రూప్‌ని నిలబెట్టేస్తారు, ఎందుకంటే అక్కడ పురుగులు ముందు కదులుతాయి, వాటి కోసం పిట్టలూ అక్కడికే వస్తాయి. కదలిక లేని రాత్రి అయితే నీళ్ళ చుట్టూ, పొదల అంచుల్లో, రెండు మూడు రోజులుగా అక్కడే తిష్ట వేసిన వాటి వెంట పడతారు. ప్రతి వారం గేటు దగ్గర మొదలుపెట్టి ఒకటే దారిలో గిర్రున తిప్పి తీసుకొచ్చే లీడర్ దగ్గర ఈ లెక్కేదీ ఉండదు, అది మార్నింగ్ వాక్ అన్నమాట, బైనాక్యులర్స్ అదనం.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. లెక్క ప్రకారం చూస్తే స్ప్రింగ్ కంటే ఫాల్‌లోనే పిట్టలు ఎక్కువ, ఆ ఏడాది పుట్టిన పిల్లలు కూడా కలుస్తాయి కాబట్టి. రాడార్ డేటాతో 2018లో వచ్చిన ఒక స్టడీ ప్రకారం ఫాల్‌లో కెనడా వైపు నించి అమెరికాలోకి సగటున 400 కోట్ల పిట్టలు దిగుతాయి, స్ప్రింగ్‌లో తిరిగి ఆ బోర్డర్ దాటేవి 260 కోట్లే. దక్షిణం బోర్డర్ దగ్గర 470 కోట్లు వెళ్తే 350 కోట్లు తిరిగొస్తాయి. అయినా జనం ఎగబడేది మే నెల వాక్స్‌కే. మే నెలలో మగ పిట్టలు పెళ్ళికొడుకుల్లా రంగులేసుకుని ఉంటాయి, గొంతు చించుకుని పాడతాయి, చెట్లకి ఆకులు ఇంకా పూర్తిగా రావు. సెప్టెంబర్‌లో ఆకులు నిండుగా ఉంటాయి, పాట లేదు, అప్పుడప్పుడు "చిప్" అని ఒక చిన్న శబ్దం, కనపడేవాటిలో చాలా వాటికి రంగు పోయి పసుపో ఆకుపచ్చో తెలియని ఒక వాలకం. బ్లాక్‌పోల్ వార్బ్లర్‌నే తీసుకోండి, మే నెలలో మగది నల్ల టోపీ, తెల్ల బుగ్గతో చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేలా ఉంటుంది, అదే సెప్టెంబర్‌లో బే-బ్రెస్టెడ్ వార్బ్లర్ పక్కన పెడితే రెండూ ఆకుపచ్చ ముద్దలే. అరికాళ్ళు పసుపా కాదా, పక్కటెముకల దగ్గర లేత గోధుమ రంగు ఉందా లేదా అని చూడాలి, అది కూడా నలభై అడుగుల ఎత్తున ఆగకుండా గెంతుతున్న పిట్టలో. పాత ఫీల్డ్ గైడ్ పుస్తకాల్లో తికమక పెట్టే ఫాల్ వార్బ్లర్లు అని ప్రత్యేకంగా పేజీలు కేటాయించేవాళ్ళంటే ఊహించుకోవచ్చు.

ఫోన్ కూడా ఈ సీజన్‌లో చేతులెత్తేస్తుంది. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ ఆప్‌లో 2021లో సౌండ్ ఐడీ, అంటే పాట విని పేరు చెప్పే ఫీచర్, వచ్చాక స్ప్రింగ్‌లో గైడ్ అవసరం బాగా తగ్గిందని చెప్పాలి, ఫోన్ పైకెత్తి పట్టుకుంటే పాడేవాటి పేర్లు వరసగా వచ్చేస్తాయి. ఫాల్‌లో పాటే లేదు, ఆ చిప్ శబ్దాలు చాలా వాటికి ఒకేలా ఉంటాయి, ఆప్ తడబడుతుంది లేదా మౌనంగా ఉండిపోతుంది. కాబట్టి మనిషి వెంట గుంపుగా వెళ్ళడానికి నిజంగా పనికొచ్చే సీజన్ ఫాలే, జనం తక్కువ వచ్చే సీజన్ కూడా ఇదే.

అయితే ఆ మనిషి అసలు చేసే పనేంటి? పేర్లు చెప్పడం అనుకుంటాం గానీ అది అందులో చిన్న భాగం. మొదటిది, ఎక్కడ చూడాలో చెప్పడం. చికడీలు, టిట్‌మౌస్‌లు గోల చేస్తున్న దగ్గర ఆగమంటారు, ఎందుకంటే ఇవి లోకల్ పిట్టలు, ఎక్కడ తిండి ఉందో వీటికి తెలుసు, దారిన పోయే వార్బ్లర్లు వీటి గుంపులో కలిసి తిరుగుతాయి. సెప్టెంబర్‌లో జ్యుయెల్‌వీడ్ అనే నారింజ పూల మొక్కల దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడితే హమ్మింగ్‌బర్డ్ రావడానికి మంచి ఛాన్స్. రెండోది, నలుగురికీ ఒకే కొమ్మ చూపించడం, ఇది వినడానికి సులువుగా ఉంటుంది గానీ చాలామంది లీడర్లు ఇక్కడే ఫెయిలవుతారు. "అదిగో అక్కడ, ఆ ఆకుల్లో" అంటే అడవంతా ఆకులే. పెద్ద చెట్టు, రెండు కొమ్మలు చీలే చోటు, ఆ చీలిక నించి కుడివైపు ఎండిన కొమ్మ, దాని చివర, అని గుర్తులతో చెప్పేవాళ్ళ దగ్గర కొత్తవాళ్ళకి కూడా పిట్ట దొరుకుతుంది. గ్రూప్ వల్ల లాభం కూడా ఇక్కడే, పది జతల కళ్ళు పది వైపులు చూస్తుంటాయి, కదిలింది ముందు చూసేది చాలాసార్లు ఎక్స్‌పర్ట్ కాదు, ఏం చూడాలో తెలియక అన్నిటినీ చూస్తున్న కొత్త మనిషి.

మూడోది, ఇదే అన్నిటికంటే ముఖ్యం, తెలియదని చెప్పగలగడం. తోక, పొట్ట మాత్రం కనపడి ఎగిరిపోయిన పిట్టకి ఫాల్‌లో పేరు పెట్టకూడదు. ఈబర్డ్‌లో, అంటే 2002లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా బర్డర్లు (పిట్టల్ని చూసేవాళ్ళు) తమ లిస్టులు ఎక్కిస్తున్న డేటాబేస్‌లో, ఏ రకమో తెలియని వార్బ్లర్ అని వేసుకునే ఆప్షన్ కూడా ఉంది, దాన్ని వాడటానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. వాక్‌లో కనపడిన ప్రతిదానికీ టక్కున పేరు చెప్పేస్తూ, డౌట్ అడిగితే కాస్త చిరాకుపడే లీడర్ వెంట వెళ్తే లిస్ట్ పొడుగ్గా ఉంటుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు.

గ్రూప్ సైజు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఎనిమిది, పది మంది వరకు బాగుంటుంది. ఇరవై దాటితే సన్నటి దారిలో వెనకున్న సగం మందికి ముందున్నవాళ్ళ వీపులే కనపడతాయి, వాళ్ళు నడిచొచ్చేలోపు పిట్ట ఉండదు. అంత మందికీ ఏదో ఒకటి చూపించాలన్న ప్రెషర్‌లో కొందరు లీడర్లు స్పీకర్ తీసి గుడ్లగూబ అరుపో, మిగతా పిట్టల కంగారు అరుపులో ప్లే చేస్తారు, దగ్గర్లో ఉన్న చిన్న పిట్టలన్నీ ఏదో ప్రమాదం వచ్చిందనుకుని బయటికొచ్చి గోల పెడతాయి, జనానికి ఫొటోలు దొరుకుతాయి. ఒక్కసారి చేస్తే కొంప మునిగిపోతుందా అని అడిగేవాళ్ళున్నారు. బ్లాక్‌పోల్ వార్బ్లర్ మామూలు బరువు 12 గ్రాములు. ఇది న్యూఇంగ్లండ్, తూర్పు కెనడా తీరాల నించి అట్లాంటిక్ మీదుగా కరీబియన్ వైపు రెండు మూడు రోజులు ఎక్కడా దిగకుండా దాదాపు 2,500 కిలోమీటర్లు ఎగురుతుందని చిన్న చిన్న ట్రాకర్లు కట్టి 2015లో తేల్చారు. దానికోసం బయల్దేరే ముందు తిని తిని దాదాపు రెట్టింపు బరువుకి చేరాలి. అలాంటి పిట్టకి ఒక పొద్దున్న తిండి మానేసి లేని గుడ్లగూబ మీద అరవడమంటే ఊరికే పోయే ఖర్చు కాదు. పైగా సెంట్రల్ పార్క్ లాంటి చోట ఒక గ్రూప్ వెళ్ళగానే ఇంకో గ్రూప్ వస్తుంది, అందరూ తలా ఒక్కసారే చేస్తారు.

గుంపుగా వెళ్ళడానికి పిట్టలతో సంబంధం లేని కారణం కూడా ఒకటుంది, సేఫ్టీ. మబ్బుగా ఉన్న పొద్దున్న, పొదల మధ్య ఒంటరిగా బైనాక్యులర్స్ పట్టుకుని తిరగడం అందరికీ ఒకేలా ఉండదు. ఆడవాళ్ళకి ఆ ఇబ్బంది ఉండటం వల్లే 2016లో న్యూయార్క్‌లో ఫెమినిస్ట్ బర్డ్ క్లబ్ మొదలైంది, 2020 మే నెలలో రాంబుల్‌లో ఒక నల్లజాతి బర్డర్ మీద ఒకావిడ పోలీసులకి ఫోన్ చేసిన వీడియో దేశమంతా తిరిగాక ఆ వారంలోనే బ్లాక్ బర్డర్స్ వీక్ పుట్టింది.

ఇప్పటిదాకా చెప్పింది నడిచే వాక్స్ గురించి. ఫాల్‌లో దీనికి పూర్తిగా వేరే రకం ఇంకోటి ఉంది, అందులో నడకే ఉండదు. డేగలు, గద్దలు పగలే వెళ్తాయి, నేల వేడెక్కి పైకి లేచే గాలిలో చుట్లు తిరుగుతూ ఎత్తుకెళ్ళి, అక్కడ నించి రెక్క ఆడించకుండా జారుకుంటూ పోతాయి. కొండల వరస ఉంటే దానికి తగిలి పైకి లేచే గాలిని వాడుకుంటాయి. కాబట్టి వీటికి ఫిక్స్‌డ్ దారులుంటాయి, ఆ దారిలో ఒక రాయి మీదో ప్లాట్‌ఫామ్ మీదో కూర్చుంటే చాలు. పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అలాంటిదే. 1930ల మొదట్లో అక్కడికి జనం వచ్చేది చూడ్డానికి కాదు, తుపాకులతో వరసగా నిలబడి దాటే ప్రతి డేగనీ కాల్చడానికి. 1929 నించి గోషాక్ అనే డేగని చంపితే ఆ రాష్ట్రం తలకి 5 డాలర్లు కూడా ఇచ్చేది. రోజలీ ఎడ్జ్ అనే న్యూయార్క్ ఆవిడ, సెంట్రల్ పార్క్‌లో పిట్టల్ని చూడటం నేర్చుకున్న మనిషే, 1934లో ఆ కొండ మీద 1,400 ఎకరాలు లీజుకి తీసుకుని, మారిస్ బ్రౌన్ అనే ఆయన్ని వార్డెన్‌గా పెట్టి కాల్పులు ఆపించేసింది. ఆయన భార్య ఇర్మా గేటు దగ్గర నిలబడి తుపాకులతో వచ్చినవాళ్ళని వెనక్కి పంపేది. అదే సీజన్‌లో బైనాక్యులర్స్‌తో చూసేవాళ్ళు రావడం మొదలైంది, బ్రౌన్ రోజూ దాటే డేగల లెక్క రాయడమూ మొదలైంది. ఆ లెక్కలే తర్వాత డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగాక పిల్ల బాల్డ్ ఈగిల్స్ తగ్గిపోతున్నాయని చూపించాయి, రచయిత్రి రేచల్ కార్సన్ 1962లో వాటిని సాక్ష్యంగా వాడుకుంది, 1972లో అమెరికాలో డీడీటీ ఆగిపోయింది. గుంపుగా కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టే పని ఇంత దూరం వెళ్ళిన సందర్భం ఇంకోటి దొరకడం కష్టం.

న్యూజెర్సీలో కేప్ మే ఇంకో రకం. రాష్ట్రం దక్షిణం కొసకి వెళ్ళేకొద్దీ నేల సన్నబడుతూ పోతుంది, ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు డెలావేర్ బే. వాయవ్యం గాలి పిట్టల్ని తీరం వైపు నెడుతుంది, అవి సముద్రం మీదికి వెళ్ళకుండా తీరం వెంట దక్షిణానికి వస్తాయి, చివర్లో ఎదురుగా పది మైళ్ళకి పైనే నీళ్ళు, దాటాలా వద్దా అని అక్కడే తచ్చాడతాయి. గరాటులో పోసినట్టు అన్నీ ఒక్క చోటికి చేరతాయి. 1976 నించి అక్కడ లైట్‌హౌస్ దగ్గర సీజన్ మొత్తం, సెప్టెంబర్ 1 నించి నవంబర్ 30 దాకా, డేగల లెక్క జరుగుతోంది. పక్కన నిలబడితే నెత్తి మీద ఏం వెళ్తోందో చెప్పేవాళ్ళుంటారు, అడక్కపోయినా చెప్తారు. ఎడిసన్, ఆ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళకి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల పైచిలుకు ప్రయాణం, బీచ్‌కని సమ్మర్‌లో వెళ్ళొచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు గానీ ఆ ఊరు అసలు దేనికి ఫేమస్సో తెలియాలంటే అక్టోబర్‌లో వెళ్ళాలి. అక్కడే హిగ్బీ బీచ్‌లో తెల్లారగానే ఇంకో తమాషా నడుస్తుంది, రాత్రి గాలికి కొట్టుకొచ్చిన చిన్న పిట్టలు దారి సరిచేసుకోవడానికి మళ్ళీ ఉత్తరానికి తిరిగి ఎగురుతాయి, ఒక్కోదానికి దొరికేది రెండు మూడు సెకన్లు. చూడ్డానికి అద్భుతం, కొత్తవాళ్ళు గుర్తుపట్టడానికి మాత్రం దండగ.

ఆ గాలి మంచిదైన రాత్రులకి ఇంకో ముఖం కూడా ఉంది. 2021 సెప్టెంబర్ 14 పొద్దున్న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఒక్క వాలంటీర్‌కే దాదాపు 300 పిట్టలు, ఎక్కువ చచ్చినవే, కనపడ్డాయి, 2023 అక్టోబర్ 5న చికాగోలో ఒక్క కన్వెన్షన్ సెంటర్ దగ్గరే వెయ్యికి దగ్గరగా. లైట్లకి దగ్గరికొచ్చి, తెల్లారాక అద్దంలో కనపడే చెట్లని నిజమనుకుని కొట్టుకుంటాయి. చికాగో బిల్డింగ్‌కి మర్నాటి ఏడాది అద్దాల మీద చుక్కల ఫిల్మ్ వేశారు, న్యూయార్క్‌లో 2021 నించి కొత్త బిల్డింగులకి పిట్టలకి కనపడే అద్దాలు వాడాలన్న చట్టం అమల్లో ఉంది, సెప్టెంబర్ 11 జ్ఞాపకంగా వేసే నీలం లైట్ల దగ్గర పిట్టలు మరీ ఎక్కువగా చిక్కుకుంటే ఇరవై నిమిషాలు ఆపేస్తారు. ఈ పిట్టల్ని ఏరే వాలంటీర్ల రౌండ్లు కూడా ఒక రకం బర్డ్ వాకే, కాకపోతే కళ్ళు కిందకి చూస్తాయి.

మన దగ్గర ఇదే టైమ్‌లో జరిగేది వేరు. న్యూయార్క్‌లో ఫాల్ అంటే దాటిపోవడం, ఇవాళ ఉన్నది రేపు ఉండదు, అందుకే అంత హడావుడి. తెలంగాణ, ఆంధ్రలో సెప్టెంబర్ నించి నవంబర్ దాకా చాలావరకు రాక, వచ్చినవి మార్చి దాకా ఇక్కడే ఉంటాయి, శనివారం మిస్ అయితే వచ్చే శనివారం చూడొచ్చు. 1980లో మొదలై ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న సంఘం లాంటి వాళ్ళ గ్రూప్ ట్రిప్పులకి, 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా గుర్తించిన అమీన్‌పూర్ చెరువు లాంటి చోట్లకి తేదీ పెద్ద సమస్య కాదు, నీళ్ళెంత ఉన్నాయన్నదే సమస్య. మనకి గైడ్ ఎక్కువగా పనికొచ్చేది ఇంకో దగ్గర. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో దిగే గూడబాతుల్ని (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగల్ని ప్రతి ఏడాదీ సైబీరియా అతిథులని రాస్తుంటారు, ఆ రెండు రకాలకీ సైబీరియాతో సంబంధమే లేదు, అవి దక్షిణాసియా పిట్టలే, గూళ్ళు కట్టుకోవడానికి మన దగ్గరే ఒక చోటి నించి ఇంకో చోటికి తిరుగుతాయి. నిజంగా హిమాలయాలు దాటొచ్చే బార్ హెడెడ్ గూస్‌ని చెరువు పక్కన నడిచేవాళ్ళు మామూలు బాతనుకుని వదిలేస్తారు.

మళ్ళీ అమెరికా సంగతికొస్తే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అందరూ చెప్పే సలహా సెప్టెంబర్ మధ్యలో వార్బ్లర్ వాక్‌కి వెళ్ళమని, రకాలు ఎక్కువ కాబట్టి. ఇది సరైన సలహా కాదేమో. రెండు గంటలు మెడ పైకెత్తి ఆకుపచ్చ ముద్దల్ని చూసి, సగం కనపడక, మిగతా సగం అర్థంకాక మళ్ళీ రానివాళ్ళు ఎక్కువ. అదే సెప్టెంబర్ మూడో వారంలో హాక్ మౌంటెన్ లాంటి చోటికెళ్తే బ్రాడ్-వింగ్డ్ డేగలు వందల కొద్దీ ఒకే చోట చుట్లు తిరుగుతూ లేచే రోజులు పడొచ్చు, దానికి ఎవరి ట్రైనింగూ అక్కర్లేదు. నడకే కావాలంటే నవంబర్ బెటర్. ఆకులు రాలిపోయి ఉంటాయి, సెంట్రల్ పార్క్ రిజర్వాయర్‌లోకి బాతులు దిగుతాయి, పెద్దవి, రంగులున్నవి, ఒక చోట నిలకడగా తేలుతూ ఉంటాయి, పది మందిలో చివరనున్నవాళ్ళకి కూడా కనపడేదాకా ఎక్కడికీ పోవు. బైనాక్యులర్స్ 8 ఇంటూ 42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి, 42 మిల్లీమీటర్ల లెన్స్‌తో) చాలు, కొన్ని గ్రూపులు అప్పుగా ఇస్తాయి, అడిగి చూడాలి. అక్కడ షవలర్ బాతులు గుంపుగా నీళ్ళలో గుండ్రంగా తిరుగుతూ తింటుంటే అవి అలా ఎందుకు తిరుగుతున్నాయని కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, లీడర్‌కి ఆ ప్రశ్నకి జవాబు చెప్పేంత టైమ్ ఉండేది కూడా నవంబర్‌లోనే.